బేస్ మోడల్ స్విఫ్ట్‌కి టాప్ మోడల్ ఫీచర్లు పెట్టించడం: ఏవి కుదురుతాయి, ఏవి కుదరవు?

కాకినాడ_స్విఫ్ట్

అందరికీ నమస్కారం. నాది 2024 మారుతి స్విఫ్ట్, ఎల్ఎక్స్ఐ, అంటే అన్నిటికన్నా కింది వేరియంట్. అప్పట్లో చేతిలో ఉన్న డబ్బుకి అదే వచ్చింది. ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌పీ (బండి అదుపు తప్పి జారకుండా చూసే ఏర్పాటు) కింది వేరియంట్‌లో కూడా ఇస్తున్నారని తెలిసి ధైర్యం చేశాను. బండి నడకలో వంక పెట్టడానికేమీ లేదు.

ఇప్పుడు కొంచెం వెసులుబాటు వచ్చింది. లేనివి ఒక్కొక్కటీ పెట్టించాలని ఉంది. మ్యూజిక్ సిస్టమ్, రివర్స్ కెమెరా, వెనక అద్దానికి వైపర్, ఫాగ్ ల్యాంపులు, అలాయ్ వీల్స్. రోజూ యానాం వైపు వెళ్లి వస్తాను. వానాకాలంలో వెనక అద్దం మొత్తం బురద నీళ్లతో మూసుకుపోతుంది. అందుకే వైపర్ మీద ఎక్కువ ఆశ.

సర్వీస్ సెంటర్‌లో అడిగితే "ఈ వేరియంట్‌లో వైర్లు రావు సార్, కుదరదు" అన్నారు. బయట అక్సెసరీస్ షాపులో అడిగితే "పొద్దున ఇవ్వండి, సాయంత్రానికి టాప్ మోడల్ చేసి ఇస్తాం" అన్నారు. రెండూ నమ్మబుద్ధి కావడం లేదు. ఈ పని దగ్గరుండి చూసినవాళ్లు చెప్పండి.

ఆటోనగర్_వైరింగ్

నమస్తే అండి. నేను విజయవాడలో ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తాను. మీకు చెప్పిన రెండు మాటల్లోనూ సగం సగం నిజం ఉంది.

కంపెనీ ఒక మోడల్‌కి నాలుగైదు వేరియంట్లు చేసేటప్పుడు వైరింగ్ విషయంలో రెండు పద్ధతులు ఉంటాయి. కొన్ని చోట్ల అన్ని వేరియంట్లకూ ఒకే హార్నెస్ (వైర్ల కట్ట) వేసి, సామాను మాత్రం పైవాటికే బిగిస్తారు. అప్పుడు కింది వేరియంట్‌లో కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) ఖాళీగా వేలాడుతూనో, పక్క వైరుకి టేపు చుట్టో ఉంటుంది. ఇంకొన్ని చోట్ల రాగి ఖర్చు తగ్గించుకోవడానికి వైర్లే తీసేస్తారు. ఒకే కారులో కూడా ముందు బంపర్‌కి ఒక పద్ధతి, డిక్కీకి ఇంకో పద్ధతి ఉండొచ్చు. కాబట్టి "స్విఫ్ట్‌లో ఉంటుందా ఉండదా" అని కాదు, ఒక్కో ఫీచర్‌కీ విడిగా చూసుకోవాలి.

చూసే విధానం చెప్తాను. స్పేర్ పార్ట్స్ కౌంటర్‌కి వెళ్లి మీ ఛాసిస్ నంబర్ ఇవ్వండి. మీ బండి డ్యాష్‌బోర్డ్ హార్నెస్, ఫ్లోర్ హార్నెస్, డిక్కీ డోర్ హార్నెస్ పార్ట్ నంబర్లు రాయించుకోండి. అవే భాగాలకి టాప్ వేరియంట్ జడ్ఎక్స్ఐ ప్లస్ నంబర్లు కూడా అడగండి. రెండు నంబర్లూ ఒకటే అయితే వైరు మీ బండిలో ఉన్నట్టే. తేడా ఉంటే చాలా వరకు లేనట్టే.

ఇంకోటి, ఫ్యూజ్ బాక్స్. మూత మీద బొమ్మలో ఫాగ్ ల్యాంపు అని, వెనక వైపర్ అని రాసి ఉన్నంత మాత్రాన సంబరపడకండి. మూత అన్ని వేరియంట్లకూ ఒకటే వేస్తారు. ఆ గడిలోకి టార్చి వేసి చూడండి. లోపల రెండు వైపులా లోహపు టెర్మినల్స్ కనిపిస్తే వైరు వచ్చినట్టు. ఉత్త ప్లాస్టిక్ గడి అయితే వైరు రాలేదు. ఏ ప్యానెలూ విప్పకుండా తెలిసిపోతుంది.

బీసీఎం సంగతి కూడా చెప్పాలి. ఇప్పటి కార్లలో లైట్లు, వైపర్లు, లాకులు అన్నీ బాడీ కంట్రోల్ మాడ్యూల్ చేతిలో ఉంటాయి. టాప్ మోడల్ కాంబినేషన్ స్విచ్ (స్టీరింగ్ పక్కనుండే కాడ) తెచ్చి పెట్టినా, ఆ సిగ్నల్ అందుకునే ఏర్పాటు మీ బీసీఎంలో లేకపోతే ఏమీ వెలగదు. పాత ఆల్టో, పాత వ్యాగన్ఆర్ కాలంలో స్విచ్ నుంచి బల్బు దాకా వైరు లాగితే పని అయిపోయేది. ఇప్పుడు అంత తేలిక కాదు.

కరీంనగర్_రోడ్లు

ఆటోనగర్ అన్న చెప్పిన ఫ్యూజ్ గడి చిట్కా అందరూ రాసి పెట్టుకోవాలి. పార్ట్స్ కౌంటర్‌ల రద్దీ లేని టైమ్‌ల పోతే ఓపికగా నంబర్లు చూస్తరు. శనివారం పోకండి.

కాకినాడ అన్నా, అలాయ్స్ పని మాత్రం అన్నిటికన్న సులువు, దానికి టెన్షన్ వద్దు. ఎల్ఎక్స్ఐకి వచ్చే టైరు 165/80 ఆర్14. జడ్ఎక్స్ఐకి వచ్చేది 185/65 ఆర్15. లెక్క వేస్తే మొదటిది 619.6 మిల్లీమీటర్లు, రెండోది 621.5 మిల్లీమీటర్లు. మొత్తం వ్యాసంలో తేడా రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. స్పీడోమీటర్, ఏబీఎస్, ఈఎస్‌పీ దేనికీ ఇబ్బంది ఉండదు. కంపెనీ స్వయంగా ఇదే బాడీకి ఇచ్చిన సైజు కాబట్టి 15 దగ్గరనే ఆగండి. షాపుల 16, 17 అని ఊరిస్తరు. మన రోడ్ల మీద గుంత తగిలితే పలచ టైరు పక్కగోడ ఉబ్బుతది, రిమ్ము వంగుతది.

రిమ్ము కొనేటప్పుడు పీసీడీ (నట్టు రంధ్రాల వలయం కొలత) 4×100, నడిమి రంధ్రం 54.1 మిల్లీమీటర్లు చూసుకోండి. రంధ్రం పెద్దగున్న రిమ్ము వేస్తే నడుమ రింగు అడగండి. నట్లు కూడా ఆ రిమ్ముకి కూర్చునే రకమేనా చూసుకోవాలె. అందరూ డిజైన్ చూస్తరు, నట్టు సంగతి ఎవరూ అడగరు.

పోలో_కోడింగ్

నాది హైదరాబాద్. మా ఇంట్లో ఫోక్స్‌వ్యాగన్ పోలో కంఫర్ట్‌లైన్ ఉంది. పై వేరియంట్‌లో ఇచ్చిన క్రూజ్ కంట్రోల్ (కాలు తీసినా అదే వేగం నిలిపేది) దానికి పెట్టుకున్నాం. ఈ చర్చకి పనికొస్తుందని రాస్తున్నాను.

పోలో, వెంటో, ర్యాపిడ్ లాంటి కార్లలో సౌలభ్యం ఏమిటంటే, ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ ఈసీయూలో క్రూజ్ ప్రోగ్రామ్ ముందే ఉంటుంది, దాన్ని మేల్కొలపాలంతే. ఇండికేటర్ వైపు ఉండే కాడ తీసి, క్రూజ్ మీటలున్న కాడ పెట్టి, దాని వైర్లు కలిపి, లాప్‌టాప్‌లో వీసీడీఎస్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి ఇంజిన్ మాడ్యూల్‌లో లాగిన్ కోడ్ కొడితే తెరుచుకుంటుంది. పాత ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు ఈసీయూల్లో చాలావాటికి ఆ కోడ్ 11463. మళ్లీ మూసేయాలంటే 16167. కొత్త ఈసీయూల్లో పద్ధతి మారింది.

ఒక్క హెచ్చరిక. మాన్యువల్ గేరు బండిలో క్లచ్ పెడల్ స్విచ్ ఉండి, అది సరిగా పనిచేస్తుందో లేదో ముందు చూసుకోవాలి. బ్రేకు స్విచ్ కూడా అంతే. క్రూజ్‌లో వెళ్తూ క్లచ్ తొక్కితే ఆ స్విచ్ చెప్పడం వల్లే ఈసీయూ క్రూజ్ వదిలేస్తుంది. అది చెప్పకపోతే ఇంజిన్ ఒక్కసారిగా రేజ్ అవుతుంది. హైవే మీద అది చిన్న విషయం కాదు.

ఆ కాడ మార్చాలంటే స్టీరింగ్ విప్పాలి, స్టీరింగ్ విప్పాలంటే ఎయిర్‌బ్యాగ్ తీయాలి. బ్యాటరీ నెగెటివ్ తీసి, మాడ్యూల్‌లో మిగిలిన చార్జి దిగిపోయేదాకా కొన్ని నిమిషాలు ఆగి, అప్పుడే ఎయిర్‌బ్యాగ్ పసుపు కప్లర్ ముట్టుకోవాలి. ఈ పని తెలిసిన మనిషే చేయాలి, వీడియో చూసి మొదలుపెట్టేది కాదు.

కాకినాడ_స్విఫ్ట్

అన్నగార్లకి ధన్యవాదాలు. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. పార్ట్స్ కౌంటర్‌కి వెళ్లొచ్చాను. డ్యాష్‌బోర్డ్ హార్నెస్ నంబర్లు ఎల్ఎక్స్ఐకి, జడ్ఎక్స్ఐ ప్లస్‌కి వేరు వేరు అని తేలింది. ఫ్యూజ్ బాక్స్‌లో వెనక వైపర్ గడిలో టెర్మినల్స్ లేవు.

అంటే వైపర్ మీద ఆశ వదులుకోవాల్సిందేనా?

ఆటోనగర్_వైరింగ్

వదులుకోనక్కర్లేదండి. కంపెనీ వైరులో కలవదు, అంతే. విడిగా చిన్న హార్నెస్ చేసి లాగాలి. దాన్ని ఎలా చేస్తారన్నదే అసలు విషయం.

మా దగ్గరికి వచ్చే కాలిపోయిన వైరింగ్ కేసుల్లో ఎక్కువ భాగం ఒకే తరహావి. ఫాగ్ ల్యాంపు పెట్టేవాడు దగ్గర్లో దొరికిన పార్కింగ్ లైటు వైరు తోలు బ్లేడుతో గీకి, తన వైరు చుట్టి, టేపు వేసి వెళ్లిపోతాడు. పార్కింగ్ లైటు వైరు సన్నది. 55 వాట్ల హెచ్11 బల్బులు రెండు వేస్తే 110 వాట్లు, అంటే 12 వోల్టుల మీద సుమారు 9 ఆంపియర్లు. అంత కరెంటు ఆ సన్న వైరులోంచి లాగితే తోలు మెత్తబడి పక్క వైరుకి అంటుకుంటుంది. బీసీఎం నుంచి నేరుగా లాగితే బీసీఎమ్మే పోతుంది. 19 వాట్ల హెచ్16 రకమో, మంచి ఎల్ఈడీయో అయితే భారం చాలా తగ్గుతుంది. అయినా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) తప్పనిసరి.

పద్ధతి ఇది. బ్యాటరీ దగ్గర నుంచి విడి ఫ్యూజుతో దళసరి వైరు, అక్కడినుంచి రిలే, రిలే నుంచి ల్యాంపులకి. రిలేని ఆన్ చేయడానికి మాత్రం ఇగ్నిషన్‌తో వచ్చే ఫ్యూజు గడి నుంచి ఫ్యూజ్ ట్యాప్ (ఫ్యూజు గడిలో కూర్చునే అదనపు ప్లగ్గు) పెట్టి సన్న వైరు తీసుకోవాలి. స్టీరింగ్ కుడి పక్కన ఖాళీ బటన్ మూతలు ఉంటాయి కదా, వాటిలో ఒకటి తీసి స్విచ్ బిగించుకోవచ్చు. కంపెనీ వైరు ఒక్కటి కూడా కోయకూడదు. రేపు వద్దనుకుంటే మొత్తం ఊడదీసినా బండి షోరూమ్ నుంచి వచ్చినట్టే ఉండాలి. కలిపిన చోట టేపు కాదు, క్రింపింగ్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ వేయమనండి. ఎర్త్ వైరుని రంగు మీద బిగించకుండా, బాడీ మీద కంపెనీ ఇచ్చిన ఎర్త్ బోల్టుకే బిగించమనండి.

పాలసీ_సలహా

ఇన్సూరెన్స్ వైపు నుంచి నాలుగు మాటలు.

కంపెనీ నుంచి వచ్చిన ఫీచర్లన్నీ కారు ఐడీవీలోనే, అంటే పాలసీలో రాసే బండి విలువలోనే, కలిసి ఉంటాయి. తర్వాత పెట్టించినవి ఉండవు. మ్యూజిక్ సిస్టమ్, కెమెరా, ఫాగ్ ల్యాంపులు ఎలక్ట్రికల్ అక్సెసరీలు. అలాయ్స్ నాన్ ఎలక్ట్రికల్. బిల్లు పెట్టి పాలసీలో చూపించకపోతే దొంగతనం జరిగినా, యాక్సిడెంట్ అయినా వాటి డబ్బు రాదు. ఇండియన్ మోటార్ టారిఫ్‌లో ఎలక్ట్రికల్ అక్సెసరీలకి ఐఎంటీ 24 ఎండార్స్‌మెంట్ (పాలసీకి చేర్చే అదనపు షరతు) ఉంది, విలువ మీద 4 శాతం ప్రీమియం. ఆ లెక్కన 20 వేల సామానుకి ఏడాదికి 800 రూపాయలు. రెన్యువల్ దాకా ఆగకుండా మధ్యలో కూడా చేర్పించుకోవచ్చు.

అంతకన్నా పెద్ద విషయం షార్ట్ సర్క్యూట్. బండి కాలితే సర్వేయర్ మొదట చూసేది వైరింగ్‌లో బయటి పని ఉందా అని. ఆటోనగర్ గారు చెప్పినట్టు ఫ్యూజు, రిలే, సరైన వైరు, బిల్లు ఉంటే మాట్లాడటానికి మనకి ఆధారం ఉంటుంది. బ్లేడుతో గీకిన వైరుంటే ఏం చెప్పుకుంటాం?

చట్టం సంగతి కూడా అడుగుతారు కాబట్టి రాస్తున్నాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. మ్యూజిక్ సిస్టమ్, కెమెరా, వైపర్ లాంటివి ఆ కోవలోకి రావు. సీఎన్‌జీ కిట్ లాంటిది పెట్టిస్తే మాత్రం ఆమోదం ఉన్న కిట్ అయి ఉండాలి, ఆర్టీవోలో ఆర్సీ మీద ఎక్కించాలి. బంపర్ ముందు ఇనుప క్రాష్ గార్డు అసలే వద్దు.

అమ్మ_డ్రైవింగ్

నేను కూడా బేస్ వేరియంటే నడుపుతున్నాను, వేరే కంపెనీది. నా ఎత్తు తక్కువ. డ్రైవర్ సీటు ఎత్తు పెంచుకునే మీట నా వేరియంట్‌లో లేదు. దిండు వేసుకుని నడిపితే బ్రేకు కొట్టినప్పుడు ముందుకి జారుతోంది. పై వేరియంట్ సీటు తెచ్చి పెట్టించుకోవచ్చా? స్క్రాప్‌లో దొరుకుతుందంటున్నారు.

అన్నిటికన్నా నాకు ఇదే అవసరం. పాటలు లేకపోయినా నడపగలను, బానెట్ కనపడకపోతే ఎలా?

ఆటోనగర్_వైరింగ్

అమ్మా, మీరు అడిగినది చాలా ముఖ్యమైన సంగతి. సీటు కింద నాలుగు బోల్టులే కాబట్టి మార్చడం తేలికే అనిపిస్తుంది. కానీ ముందు మీ సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని చిన్న ట్యాగు ఉందేమో చూడండి. ఉంటే మీ సీటులో సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉన్నట్టు. సీటు కింద పసుపు కప్లర్ కూడా ఉంటుంది. అలాంటి సీటు స్క్రాప్‌లో కొనకూడదు. అది ఏ యాక్సిడెంట్ బండిదో, లోపలి బ్యాగు పేలిపోయిందో, నీళ్లలో మునిగిందో బయటికి తెలియదు.

ట్యాగు లేకపోతే అదే మోడల్, అదే తరం పై వేరియంట్ సీటు ఫ్రేమ్ కూర్చునే అవకాశం ఉంది. బెల్టు బకిల్ కప్లర్ సరిపోతుందో లేదో చూడాలి, లేకపోతే బెల్టు పెట్టుకున్నా అలారం మోగుతూనే ఉంటుంది. బోల్టులు టార్క్ రెంచితోనే బిగించాలి. సీటు బోల్టు వదులైతే యాక్సిడెంట్‌లో సీటే లేచి వస్తుంది. సర్వీస్ సెంటర్‌లో ఎత్తు మీటతో ఉన్న ఫ్రేమ్ మాత్రమే విడిగా ఆర్డర్ పెట్టి, మీ సీటు స్పాంజి, కవరు దానికే ఎక్కించమని అడగండి. ఖర్చు కొంచెం ఎక్కువైనా మీ విషయంలో అదే మేలు.

ఆ దిండు మాత్రం ఇవాళే తీసేయండమ్మా. జారే దిండు మీద కూర్చుంటే నడుము బెల్టు పొట్ట మీదికి ఎక్కుతుంది. యాక్సిడెంట్‌లో ఆ దెబ్బ లోపలి అవయవాలకి తగులుతుంది.

వైజాగ్_తీరం

సీటు మాట వచ్చింది కాబట్టి కాకినాడ గారికి ఒక ప్రశ్న. సీటు కవర్లు వేయించారా? కొత్త స్విఫ్ట్‌లో ఆరు ఎయిర్‌బ్యాగులంటే రెండు ముందు, రెండు ముందు సీట్ల పక్కల్లో, రెండు పైన కర్టెన్ లాగా. మన దగ్గర బండి ఇంటికి రాగానే చేసే మొదటి పని దళసరి రెగ్జిన్ కవరు బిగుతుగా కుట్టించడం. అది సైడ్ ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే దారిని మూసేస్తుంది. ఆ పక్క కుట్టు విడిపోయేలా చేసిన, సైడ్ ఎయిర్‌బ్యాగ్‌కి అనువైన కవరు అని అడిగి వేయించాలి, లేదా ఆ పక్క తెరిచి ఉంచేలా కుట్టించాలి.

డాష్‌క్యామ్, ట్వీటర్ స్పీకర్లు పెట్టేవాళ్లకీ ఇదే మాట. ముందు అద్దం పక్కన స్తంభం ప్లాస్టిక్ వెనకాలే కర్టెన్ బ్యాగు మడిచి ఉంటుంది. వైరు దాని మీదుగా అడ్డంగా వెళ్లకూడదు. బ్యాగుకి వెనకవైపు, కంపెనీ వైరు వెళ్లే దారిలోనే కట్టాలి. షాపులో కుర్రాళ్లు పని త్వరగా తెమలాలని ప్లాస్టిక్ సందులోకి వైరు కుక్కేస్తారు. దగ్గర నిలబడి చూసుకోండి.

ఎన్ని ఫీచర్లు తర్వాత పెట్టించుకున్నా, ఎయిర్‌బ్యాగు లేని పాత బండికి ఎయిర్‌బ్యాగు మాత్రం పెట్టించుకోలేం. దానికి క్రాష్ సెన్సర్లు, కంట్రోల్ మాడ్యూల్, వేరే స్టీరింగ్, చిరిగేలా తయారైన డ్యాష్‌బోర్డ్, టెన్షనర్ ఉన్న బెల్టులు అన్నీ కలిపి ఆ బాడీకే పరీక్షించి ఉండాలి. ఈఎస్‌పీ కూడా అంతే. మన దేశంలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగు, రివర్స్ సెన్సర్లు, బెల్టు అలారం 2019 జులై నుంచి తప్పనిసరి అయ్యాయి. అంతకు ముందటి బేస్ మోడల్ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందని కొనేవాళ్లు ఈ ఒక్కటీ ఆలోచించాలి.

బుక్_చేయాలా

నేను వచ్చే వారం స్విఫ్ట్ బుక్ చేద్దామనుకుంటున్నాను. ఎల్ఎక్స్ఐ తీసుకుని ఇవన్నీ తర్వాత చేయించుకుందామనే ప్లాన్. ఈ చర్చ చదివాక సందేహం వచ్చింది. నేరుగా దాని పై వేరియంట్ వీఎక్స్ఐ తీసుకోవడమే మేలా?

పల్నాడు_ట్రావెల్స్

తమ్ముడూ, మా ట్రావెల్స్‌లో అన్ని వేరియంట్లూ నడిపాం. లెక్క చెప్తా విను.

2024 మేలో ఈ స్విఫ్ట్ వచ్చినప్పుడు ఎక్స్ షోరూమ్ ధరలు ఎల్ఎక్స్ఐ 6.49 లక్షలు, వీఎక్స్ఐ 7.29 లక్షలు. తేడా 80 వేలు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్‌టీ 18 శాతానికి తగ్గింది, ధరలన్నీ కిందికొచ్చాయి. ఇప్పటి తేడా నువ్వు షోరూమ్‌లో కనుక్కో. ఆ తేడాకి వచ్చేది టచ్ స్క్రీన్, స్పీకర్లు, స్టీరింగ్ మీద బటన్లు, కరెంటుతో తిరిగే పక్క అద్దాలు. అన్నీ కంపెనీ వైరు మీద, కంపెనీ వారంటీతో. ఇవన్నీ విడివిడిగా పెట్టిస్తే సామాను, కూలీ కలిపి ఆ తేడాకి దగ్గరగా వచ్చేస్తుంది. పైగా అమ్మేటప్పుడు కొనేవాడు ఆర్సీలో ఎల్ఎక్స్ఐ అనే చూస్తాడు. నువ్వు పెట్టించిన వాటికి రూపాయి కట్టడు.

లోన్ మీద కొనేవాళ్లకి ఇంకో కోణం ఉంది. కంపెనీ ఫీచరు లోన్‌లో కలుస్తుంది. బయట పెట్టించేది చేతి డబ్బు.

నీకు కావలసింది ఒక్క పాటల సిస్టమే అయితే ఎల్ఎక్స్ఐ తీసుకో. మూడు నాలుగు కావాలంటే మారుమాట లేకుండా వీఎక్స్ఐకి వెళ్లు.

డల్లాస్_నుంచి

ఇక్కడ అమెరికాలో ఈ కథ తలకిందులుగా నడుస్తోంది. సామాను అంతా బండిలోనే ఉంటుంది, సాఫ్ట్‌వేర్ తాళం వేసి అమ్ముతారు. టెస్లా 2016లో మోడల్ ఎస్ 60 అని అమ్మిన కార్లలో లోపల ఉన్నది 75 కిలోవాట్ అవర్ బ్యాటరీ. డబ్బు కడితే మిగతాది తెరిచేవాళ్లు. మోడల్ 3 స్టాండర్డ్ రేంజ్ ప్లస్‌లో వెనక సీట్ల హీటర్ ముందే ఉండేది, 300 డాలర్లు కడితే పనిచేసేది. 2022లో బీఎండబ్ల్యూ కొన్ని దేశాల్లో సీటు హీటర్‌కి నెలవారీ చందా పెట్టింది. జనం ఊరుకోలేదు, మరుసటి ఏడాది మానుకుంది. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. నా కారులో నేను మోస్తున్న సామానుకి నెల నెలా అద్దె అడగడం అన్యాయం.

వారంటీ విషయంలో మాత్రం ఇక్కడ ఒక మంచి చట్టం ఉంది, 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం. బయటి పార్టు పెట్టారన్న ఒక్క కారణంతో కంపెనీ వారంటీ మొత్తం రద్దు చేయలేదు. ఆ పార్టు వల్లే ఈ పాడు జరిగిందని చూపించాలి. ఇండియాలో ఎలాగండి?

పాలసీ_సలహా

డల్లాస్ గారూ, ఇక్కడ అంత సూటిగా రాసిన చట్టం లేదు. వారంటీ పుస్తకంలో ఏం రాసి ఉందన్నదే మొదటి ఆధారం. వైరింగ్‌లో మార్పులు చేస్తే ఎలక్ట్రికల్ భాగాలకి వారంటీ వర్తించదని సాధారణంగా రాసి ఉంటుంది. సంబంధం లేని భాగానికి కూడా నిరాకరిస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కమిషన్‌కి వెళ్లొచ్చు. అందుకే వైరు కోయకుండా కప్లర్ టు కప్లర్ పని చేయించి, బిల్లులు, పని జరుగుతున్నప్పటి ఫోటోలు దాచుకోండి.

కంపెనీ జెన్యూన్ అక్సెసరీల్లో మ్యూజిక్ సిస్టమ్, కెమెరా ఉంటే డీలర్ దగ్గరే బిగించి బిల్లు ఇస్తారు. బయటికన్నా ధర ఎక్కువ. వారంటీ ఉన్నన్నాళ్లూ ఆ ధర పెట్టడం నాకు సమంజసంగానే కనిపిస్తుంది.

బుక్_చేయాలా

పల్నాడు అన్నా, మీ లెక్కతో స్పష్టత వచ్చింది. ఇంట్లో మాట్లాడాం, వీఎక్స్ఐకే వెళ్తున్నాను. దానిలోనూ వెనక వైపర్ రాదు కాబట్టి కాకినాడ గారి పని ఎలా అయిందో రాయండి, ఎదురుచూస్తాను.

కాకినాడ_స్విఫ్ట్

నా నిర్ణయాలు చెప్తాను. మ్యూజిక్ సిస్టమ్, కెమెరా డీలర్ దగ్గర జెన్యూన్ అక్సెసరీల్లోనే పెట్టిస్తున్నాను. స్టీరింగ్ బటన్ల ఆలోచన మానుకున్నాను, వాటికి స్టీరింగ్ లోపలి స్పైరల్ కేబుల్ కూడా మార్చాలన్నారు, ఎయిర్‌బ్యాగ్ కదిలించడం ఇష్టం లేదు. అలాయ్స్ 15 అంగుళాలవే, ఉన్న టైర్లు అరిగాక. సీటు కవర్లు వైజాగ్ గారు చెప్పాక చూసుకున్నాను, రెండు పక్కలా మూసి కుట్టి ఉన్నాయి. తీయించేశాను.

మిగిలింది వైపర్. కరీంనగర్ అన్నా, మీరు ఇది చేయించారా?

కరీంనగర్_రోడ్లు

నా వెనకటి బండికి చేయించిన అన్నా. అది కూడా హ్యాచ్‌బ్యాకే. మోటారు ఒక్కటే కొంటే అయిపోతదనుకుంటరు, కానీ కాదు. మోటారు, ఆర్మ్, బ్లేడు, నీళ్ల నాజిల్, బానెట్ నుంచి డిక్కీ దాకా సన్న పైపు, డిక్కీ రబ్బరు బెల్లోస్‌లోంచి (డోరుకి వైర్లు పోయే మడతల గొట్టం) వైర్లు, స్విచ్. చాలా హ్యాచ్‌బ్యాకుల్ల వాషర్ మోటారు ఒకటే ఉండి, ఒక దిక్కు తిరిగితే ముందు అద్దానికి, ఎదురు తిరిగితే వెనక అద్దానికి నీళ్లు కొడతది. బేస్ మోడల్‌కి ఒకే దారి ఉన్న పంపు వేస్తరు. అప్పుడు పంపు కూడా మార్చాలె, లేకుంటే వెనకకి చిన్న పంపు విడిగా పెట్టాలె.

అన్నిటికన్న పెద్ద ప్రశ్న డిక్కీ రేకుకి రంధ్రం. లోపలి ప్యాడు తీసి చూడండి. వైపర్ కోసం రంధ్రం ముందే ఉండి ప్లాస్టిక్ మూతతో మూసి ఉంటే మీ అదృష్టం. లేకుంటే రేకు కోయాలె.

వైజాగ్_తీరం

రేకు కోసే పని అయితే సముద్రం పక్కన ఉన్నవాళ్లకి నేను వద్దనే చెప్తాను. కాకినాడైనా, వైజాగైనా ఉప్పు గాలి. కంపెనీలో బాడీని మొత్తం ఒకేసారి ప్రైమర్ తొట్టిలో ముంచుతారు. మనం కోసిన అంచుకి ఆ రక్షణ ఉండదు. కోయక తప్పకపోతే అంచు ఆకురాయితో నునుపు చేసి, జింక్ ప్రైమర్, దాని మీద బాడీ రంగు వేసి, పూర్తిగా ఆరాకే రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి కూర్చునే రింగు) పెట్టాలి. అంత ఓపిక ఉన్న పనివాడు దొరికితేనే చేయించండి.

కాకినాడ_స్విఫ్ట్

ప్యాడు తీసి చూశాం. రంధ్రం లేదు. మా టింకరింగ్ మేస్త్రీ ఓపికమంతుడే, ప్రైమర్ పద్ధతి చెప్తే అలాగే చేస్తానన్నాడు. జడ్ఎక్స్ఐ డిక్కీ మీద కొలతలు తీసుకుని మార్కింగ్ చేస్తున్నాడు. వైర్లు, నీళ్ల పైపు బెల్లోస్‌లోంచి తీసేటప్పుడు జాగ్రత్తలు ఏమైనా ఉన్నాయా?

ఆటోనగర్_వైరింగ్

ఉన్నాయండి. కోసేముందు లోపలివైపు మోటారు బ్రాకెట్ బోల్టులు కూర్చునే చోటు ఉందో లేదో చూడండి. అది లేకపోతే ఒక్క రంధ్రంతో పని అవ్వదు, అక్కడే ఆగిపోండి.

చోటు ఉంటే వైర్లు, పైపు రెండూ ఒకే బెల్లోస్‌లో కుక్కకండి. కుడివైపు వైర్లు ఉంటే ఎడమవైపు నుంచి పైపు తీసుకోండి, ఏదైనా లీకైతే నీళ్లు కప్లర్ మీద పడవు. బెల్లోస్‌లోకి వైరు దూర్చేటప్పుడు సబ్బు నీళ్లు రాస్తే జారుతుంది, నూనె రాయొద్దు, రబ్బరు ఉబ్బుతుంది. డిక్కీ పూర్తిగా ఎత్తి పెట్టి, అప్పుడు వైరు ఎంత పొడవు కావాలో దానికి కొంచెం వదులు ఉంచి కట్టండి. మూసి కొలిస్తే పొట్టిగా వస్తుంది, నాలుగు నెలలకి లోపల రాగి తెగుతుంది. మోటారుకి విడి ఫ్యూజు పెట్టించండి, ఎంత ఆంపియర్లదో జడ్ఎక్స్ఐ ఫ్యూజ్ బాక్స్ మూత చూసి అంతే వేయండి.

అంతా బిగించాక ప్యాడు వేయకముందే బయట పైపుతో అద్దం మీద పది నిమిషాలు నీళ్లు కొట్టించి, లోపలి నుంచి టార్చి వేసి గ్రోమెట్ చుట్టూ తడి ఉందేమో వేలితో చూడండి. పొడిగా ఉంటేనే ప్యాడు వేయించండి.

కాకినాడ_స్విఫ్ట్

సరేనండి. బ్రాకెట్ చోటు చూసి, ఉంటేనే ఆదివారం పని మొదలుపెడతాం. ఫోటోలు ఇక్కడే పెడతాను.